పసుపు పూసిన మొహాలు

మూడోసారి కూడా ఫోన్ అదే మాట చెప్పింది. “మొహం స్పష్టంగా లేదు. మళ్లీ ఫోటో తీయండి.”

సరళకు ఏడుపొచ్చినంత పనైంది. గొర్రె కదలకుండానే నిలబడింది, వెలుతురూ బాగానే ఉంది. మూతి నుంచి చెవుల దాకా అవ్వ మెత్తిన పసుపూ వేపాకు ముద్దా తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. బొబ్బలన్నీ దాని కిందే ఉన్నాయి.

దొడ్డిలో ఐదు గొర్రెలకు బొబ్బలొచ్చాయి. మిగతా నలభైకి ఇంకా సోకలేదు. ఎక్కడెక్కడి గొర్రెల ఫోటోలు వేలకొద్దీ చూసి నేర్చుకున్న కంప్యూటర్ ఉందనీ, అది ఏ వైరసో, ఏ ఊరివైపు పాకుతోందో చెబుతుందనీ పశువుల డాక్టరు ఈ యాప్ వేసి పోయాడు. అది అవునన్న ఊళ్లకే రేపు బత్తలపల్లె నుంచి టీకాల బండి వస్తుంది. ఫోటో ఐదు గంటల్లోపు పంపాలి. ఇప్పుడే నాలుగు దాటింది.

“అవ్వా, ఒక్కదాని మొహం కడుగుతా.”

“మతి ఉండాదా మ్మే నీకు? అమ్మోరు ఒంటిమీద ఉండంగా నీళ్లు పోస్తారా యాడన్నా? మంగళవారం దాకా తాకేది లేదు,” అంది హనుమంతమ్మ.

“ఫోన్‌కు బొబ్బలు కనపడల్యా.”

“అన్నీ తెలిసిన కంప్యూటరంటివే! పసుపు తెలీదా దానికి? యా ఊరిదంట అది?”

నాయన తిప్పన్న పగలబడి నవ్వాడు. “చెప్పు పాపా, యా ఊరిదో!”

సరళ పళ్లు బిగించింది. డాక్టరుకు ఫోన్ చేద్దామని నంబరు దాకా పోయి, ఏమని మొదలుపెట్టాలో తోచక మానేసింది. క్లాసులో తెలిసిన జవాబు కూడా ఆమెకు గొంతు దాటదు. తోక కింద అవ్వ పసుపు పూయలేదు, అక్కడా బొబ్బలున్నాయి. ఫోటో తీసింది. “ఇది మొహం కాదు,” అంది ఫోన్.

అవ్వ నీళ్లకు పోగానే, ఓణీ కొంగు తడిపి, బొబ్బలొచ్చిన ఐదింటిలో ఒకటైన గొర్రెపిల్ల మొహం తుడిచింది. పిల్ల గింజుకుంది. ఫోటో తీసి పంపితే తెరమీద గుండ్రం చాలాసేపు తిరిగి, చివరికి అక్షరాలు వచ్చాయి. బొబ్బ రోగం వైరస్, తొంభై ఒక్క శాతం.

పొద్దున్నే బండి వచ్చింది. నలభై గొర్రెలకూ టీకాలు పడ్డాయి. బండి పోయిన గంటకే, మొహం తుడిచిన పిల్ల చచ్చిపోయింది.

“కడిగితివి, పాయె,” అంది అవ్వ. “మా మనవరాలు అమ్మోరికి నీళ్లు పోసిందప్పా!” అని దారిన పోయే సోమప్పకూ చెప్పింది.

ఆ పిల్ల రెండు రోజులుగా తల్లి పాలే ముట్టలేదు. ఆ సంగతి అవ్వకూ తెలుసు. చెప్పాలని నోరు తెరిచిన సరళ, సోమప్ప తనవైపు చూసిన చూపుకు దొడ్డివైపు తిరిగింది.

తిప్పన్న పార తీసుకుని గుంత తవ్వడానికి పోయాడు. నలభై గొర్రెలూ ఆకలికి అరుస్తున్నాయి. అవ్వ వాటివైపు చూడనే లేదు. సరళ దొడ్డి తడిక తీసి, వాటికి మేత వేసింది.