అడుగు తియ్యని సౌభాగ్యమ్మ

రెండు పిక్కలకీ తీగలు అతికించి, పైకప్పుకు వేలాడే పట్టీని నడుముకు బిగించి దీప్తి వెనక్కి జరిగింది. సౌభాగ్యమ్మ ఇనప పలక మీద పాదాలు ఆనించి నిలబడింది. వెనక నుంచి టెక్నీషియన్ రాజ్ కుమార్ తోస్తాడు. ఎప్పుడు తోసేదీ చెప్పడు. ఆ తోపుకి ఏ కండ ఎప్పుడు బిగుసుకుందో కంప్యూటరు గీతలు గీస్తుంది. బందరు ఫిజియోథెరపీ కాలేజీలో, వయసు మళ్ళినవాళ్ళు ఎందుకు పడిపోతారనే విషయం మీద డాక్టర్ దీప్తి చేస్తున్న పరిశోధన అది. పదింటికి ముసలివాళ్ళు వస్తారు. ఈలోగా మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఎవరినో ఒకరిని తోయాలి. గది తుడిచే మనిషి ఉండగా ఇంకొకరెందుకు!

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మడమలు పగిలిపోయి, కాలివేళ్ళు నేలను పట్టుకున్నట్టు వంకర తిరిగి ఉంటాయి. ఎడమ చెవి వినపడదు. ఎందుకు వినపడదో అడిగిన పుణ్యాత్ములు లేరు. ఎనిమిది నెలలుగా తోస్తున్నా ఒక్కసారీ తూలలేదు. “గుంజలా నిలబడుద్దండీ మా సౌభాగ్యమ్మ!” అని రాజ్ కుమార్ మురిసిపోయేవాడు. ఏం మురిపెమో!

ఆ రోజు దీప్తి ఆమె గీతల్ని తీరిగ్గా చూసింది.

“సౌభాగ్యమ్మా, ఈయన చెయ్యి తగలకముందే నీ పిక్క బిగుసుకుంటోంది. ఎలా తెలుస్తోంది నీకు?”

“ఊపిరండీ. చెయ్యెత్తే ముందు గట్టిగా ఊపిరి పీలుస్తారు కదండీ ఎవరైనా.”

రాజ్ కుమార్ నవ్వాడు. దీప్తి నవ్వలేదు.

“ఈసారి కావాలంటే అడుగు వెయ్యి. పాదాలు కదపకూడదని ఏం లేదు.”

మూడుసార్లు గట్టిగా తోశారు. కదల్లేదు.

“అడుగు తియ్యవేం?”

“ఎక్కడికి తియ్యనండీ? మా వంటింట్లో ఎదరేమో గోడ, పక్కనేమో పొయ్యి. పడితే మా ఆయన కాళ్ళతో తంతాడండీ. అందుకని పడను.”

ఇవాళ కూరేమిటంటే చెప్పినంత మామూలుగా చెప్పింది. రాజ్ కుమార్ తల దించుకుని తన అరచేతులు చూసుకున్నాడు.

“ఇవాళ ఇంటికెళ్ళకు,” అంది దీప్తి. “మా హాస్టల్లో ఉండు. రేపు పోలీస్ స్టేషనుకి నేనూ వస్తాను.”

“బట్టలు తెచ్చుకుని వచ్చేస్తానండీ.”

సాయంత్రం ముసలివాళ్ళు వెళ్ళాక దీప్తి ఆమెను మళ్ళీ నిలబెట్టింది. తూలినప్పుడు అడుగు తియ్యడం ఓడిపోవడం కాదని, ముందుకే కాదు, పక్కకీ వెయ్యొచ్చని చెప్పి, చెయ్యి పట్టుకుని నేర్పింది. పదకొండోసారికి కుడిపాదం దానంతటదే లేచింది. సౌభాగ్యమ్మకి సిగ్గేసి నవ్వొచ్చింది.

ఆమె మొగుడు శ్యాంబాబు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు అతుకుతాడు. ఆవగింజంత పూస అతికేటప్పుడు కూడా చెయ్యి వణకదు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టేది అతనే. వీధి వీధంతా మంచివాడంటుంది. ఇంట్లో ఆ చేతికి దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. ముప్ఫై ఏళ్ళుగా కొట్టాడు, వెధవ!

సంచిలో రెండు చీరలు పెడుతుండగా చూశాడు.

“ఎక్కడికే?”

“హాస్టల్లో ఉంటాను.”

చెంప మీద కొట్టాడు. పెదవి పగిలి నోరంతా రక్తం. జుట్టు పట్టుకుని తలను గోడకేసి బాదాడు. ఆమె సంచి వదల్లేదు. విడిపించుకుని అరుగు మీదికి వచ్చింది. వెంటపడి వీపు మీద పిడికిళ్ళతో గుద్దాడు. “పడవేమే? పడు! పడవే!” అని రొప్పుతూ గుద్దాడు. ఉప్పెన భయానికి మూడడుగుల ఎత్తున కట్టుకున్న అరుగు అది. అంచున నిలబడింది సౌభాగ్యమ్మ. పడలేదు.

అతను నాలుగడుగులు వెనక్కి వేశాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

ఆమె పక్కకి అడుగు వేసింది.

రెండు చేతులూ చాచి ఉరికిన శ్యాంబాబుకి అక్కడ మనిషి తగల్లేదు. కింద బట్టలుతికే బండ ఉంది. తల దానికి కొట్టుకున్న చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. కాలు రెండుసార్లు కొట్టుకుంది. ఆటో వచ్చేసరికి ప్రాణం లేదు.

పక్కింటి సత్యవతి పరిగెత్తుకొచ్చింది. “అయ్యో, ఏమైంది వదినా?”

“నేను పక్కకి జరిగాను,” అంది సౌభాగ్యమ్మ.

సత్యవతికి ఆ మాట అర్థం కాలేదు. సౌభాగ్యమ్మకి ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. తరవాత, దాచడమెందుకు, హాయిగా అనిపించింది. ఆ హాయికి మళ్ళీ భయం వేసింది. మెట్లు దిగి, అతని ముఖం మీద కొంగు కప్పబోయి, ఆగి, సంచిలోంచి ఒక చీర తీసి కప్పింది.

లోపల అతను పని చేసుకునే పీట మీద చెవిబుట్టల జత ఉంది. ఒకదానికి కొక్కెం అతికి ఉంది, రెండోదాని కొక్కెం పక్కనే విడిగా పడి ఉంది.