ఆరు, పదిహేడు

గుర్రపుడెక్క పూసింది.

ఇంటి వెనక కాలువ నిండా ఊదారంగు. కింద నీళ్ళున్నాయో లేవో తెలియనంత ఊదారంగు. కుళ్ళిన ఆకుల వాసన... ఆ వాసన మీదుగా వచ్చే ఏప్రిల్ గాలి.

ఆ ఆదివారం కూడా అదే గాలి. చర్చి కిటికీలోంచి.

మా ఆయన ప్రకాశరావు గారు వాక్యం చదువుతున్నారు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పిన గొంతు. మైకు అక్కర్లేని గొంతు. చదువుతూ చదువుతూ ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మాటలు రాలేదు — మాటల్లాంటివేవో వచ్చాయి.

పేజీ తప్పిందనుకున్నారు అందరూ.

నేను గడియారం చూశాను. పది ఇరవై.

లెక్కల టీచర్ని. ఏం జరిగినా ముందు టైము చూస్తాను.

పాస్టరు గారు పరుగున వచ్చి "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు. "మీరు చేస్తూ ఉండండి. ముందు ఎవరినైనా కారు తెమ్మనండి" అన్నాను.

అమలాపురం చేరేసరికి పదకొండున్నర. పెద్ద డాక్టరు హిమజ గారు స్కానింగు చూసి, "మెదడుకెళ్ళే నరంలో రక్తం గడ్డ అడ్డం పడిందండీ. టైముకి తెచ్చేరు. గడ్డ కరగడానికి ఇంజక్షన్ ఇస్తాం" అన్నారు.

గడ్డ. కాలువకి అడ్డంపడ్డ డెక్క. అది కదిలితే నీళ్ళు పారతాయి. అంతే కదా... అంతే అనుకున్నాను.

అదే గంటలో పక్క మంచం మీదికి ఇంకొకాయన వచ్చారు. కాశీవిశ్వనాథం గారు. కొత్తపేట వైపు వేదం చెప్పుకునే కుటుంబం. కుడి చెయ్యి వేలాడుతోంది. నోరు ఒక పక్కకి జరిగింది. వెనకాలే ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు. చేతిలో కాఫీ ఫ్లాస్కు.

అంత కంగారులోనూ ఫ్లాస్కు మర్చిపోని మనిషి. అప్పుడే నచ్చలేదు నాకు.

డాక్టరు గారు ఇద్దరినీ పరీక్షించారు. చేతులెత్తమన్నారు. నవ్వమన్నారు. పెన్ను చూపించి ఇదేంటన్నారు. అన్నీ కూడి మంచాల దగ్గర పలకల మీద రాయించారు.

మా ఆయనకి ఆరు.

ఆయనకి పదిహేడు.

చెప్పడానికి సిగ్గేస్తుంది. చెబుతాను. మొగుడు మాట పడిపోయి పడుకునుంటే నాకు కడుపు మండింది. ఆరేమిటి? పదిహేడేమిటి? చెయ్యి కూడా ఎత్తలేని ఆయనకి అన్ని మార్కులా?

మా అమ్మ ఊడ్పు చేలో నడుం వంచి నన్ను చదివించింది. రెండో ర్యాంకు తెచ్చుకుంటే ఇంటికి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు నాకు. ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళు మార్కులు వేశాను. అంకె కనబడితే పెద్దదెవరిదో చూడకుండా ఉండలేను.

"ఆరేనా అండీ?" అని అడిగాను. "ఇంకోసారి అడిగి చూడండి. ఆయన బాగా చదువుకున్నోరండి."

హిమజ గారు నా ముఖం చూశారు. ఆవిడకి అర్థమైంది. "టీచరు గారూ, ఇందులో తక్కువొస్తేనే మంచిదండీ" అన్నారు నెమ్మదిగా.

తక్కువొస్తేనే మంచిది.

నా గుండెలో ఎంత చల్లగా ఉందో... పక్క మంచం వైపు తిరిగి మొదటిసారి జాలిపడ్డాను.

మర్నాడు డాక్టరు గారు జోస్యం చెప్పారు. దాన్ని జోస్యమనకూడదట, అంచనా అట. వయసు, షుగరు, ఆ అంకె, ఇంజక్షన్ ఎంతసేపటికి పడిందీ — అన్నీ కంప్యూటర్లో వేశారు. "ఈయనలాంటోళ్ళు వందమందిలో ఎనభైమంది మూడు నెలలకి తమ పనులు తాము చేసుకుంటారండీ. అంచనాయే. మాటివ్వడం కాదు."

తెర అవతల అదే గొంతు. "వందమందిలో పాతికమందండీ."

"పాతికమందా అండీ?" అంది సీతమ్మ గారు. వార్డులో అప్పటికే అందరికీ సీతమ్మ గారే ఆవిడ. "అంతమంది బాగుపడతారా అండీ? ఆయ్... చాలండి."

చాలట. పాతికకే చాలట.

ఆయన్ని ఇంటికి పంపించేశాక, నేను ఎనభైని కొంగున కట్టుకుని వచ్చాను.

వేసవి అని లాకులు దించి కాలువలు కట్టేశారు. నీళ్ళు తీసేశాక డెక్క అడుగున వాడిపోయింది. మిషను వచ్చి తోడి గట్టున పోసింది. ఊదారంగు పోయింది. బురద, పగుళ్ళు, కొంగలు.

మా ఆయన నడిచారు. వారంలోనే నడిచారు. చొక్కా గుండీలు పెట్టుకున్నారు. అన్నం కలుపుకున్నారు. పేపరు తిరగేశారు. మాట ఒక్కటీ లేదు.

గురువారం గురువారం అమలాపురం. మాట నేర్పే అమ్మాయి సుప్రియ దగ్గర మేము. పక్క గదిలో, చేతికీ కాలికీ కసరత్తు చేయిస్తున్న చోట, వాళ్ళు.

రెండో గురువారం — విశ్వనాథం గారి బొటనవేలు కదిలింది.

నాలుగో గురువారం — గోడ పట్టుకుని నిలబడ్డారు.

ఆరో గురువారం — నీళ్ళు అడిగారు. నోటితో. నీళ్ళు అని.

నా చేతిలో మందుల సంచి ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే చీటీలన్నీ నలిగిపోయాయి.

ఎనిమిదో గురువారానికి ఆయన మంత్రం చదువుతున్నారు. చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసింది ముందొస్తుందట. సుప్రియ చెప్పింది. "మీరూ ఆయనకి అలవాటైనవి వినిపించండి టీచరు గారూ. రోజూ చెవినపడే మాటలే ముందు నోటికొస్తాయి."

వినిపించాను. పరలోక ప్రార్థన వినిపించాను. ఆయన పాఠం చెప్పిన పద్యాలు వినిపించాను. ఏదీ తోచనప్పుడు ఎక్కాలు వినిపించాను. ఆయన శ్రద్ధగా నా పెదవుల వైపు చూసేవారు. నోరు తెరిచేవారు. గాలి వచ్చేది.

సీతమ్మ గారు వసారాలో నా పక్కన కూర్చుని కాఫీ పోసి ఇచ్చేది. "మీ వారికీ మాటొచ్చేస్తుంది వదిన గారూ. నేను చెప్తున్నాను కదా."

వదిన గారట. ఏ వరసన?

"ఆయ్" అనేదాన్ని. కాఫీ తాగేదాన్ని. మంచి కాఫీ. అదీ నాకు కోపమే.

కుళ్ళు. దానికింకో పేరు పెట్టను. ఆ మనిషి నాకేం చేసింది? ఏమీ చేయలేదు. పాతికతో వెళ్ళి మొగుణ్ణి తెచ్చుకుంది. నేను ఎనభై పట్టుకుని కూర్చున్నాను.

వందలో ఎనభై అంటే ఏమిటి? ఎనభైమంది. మరి మిగిలిన ఇరవైమంది ఎవరిళ్ళలో ఉంటారు? ఎనిమిదో తరగతి పాఠం. ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో. నా ఇంటిదాకా వచ్చేసరికి ఆ ఇరవై నాకు కనబడలేదు.

జూన్‌లో నీళ్ళు వదిలారు.

ఒకే లాకు, ఒకే రోజు తలుపులెత్తారు. ఎగువ చేలకి ఆ సాయంత్రమే అందాయి. మాది శివారు. ఎర్రటి నీళ్ళు వంతెన కిందికొచ్చి ఆగి, గడ్డి తడిపి, మళ్ళీ ఆగి... పదహారు రోజులు పట్టింది. ఎదురుచూస్తూ గట్టు మీద నిలబడేదాన్ని. ఎగువ వాళ్ళ ఆకుమడి పచ్చబడుతోంటే చూసేదాన్ని.

ఇంటికొచ్చి ఆయన ముందు కూర్చుని చెప్పేదాన్ని. వినే మనిషి ఆయనే కదా. మాకు పిల్లల్లేరు. "సీతమ్మ గారి ఆయన ఇవాళ మెట్లెక్కారట. సీతమ్మ గారి ఆయన అన్నంలో ఉప్పు తక్కువైందన్నారట. సీతమ్మ గారికేం, అదృష్టవంతురాలు." బియ్యం ఏరుతూ చెప్పేదాన్ని. బట్టలు మడతపెడుతూ చెప్పేదాన్ని. ఆయన వినేవారు.

నాకు కావలసింది పద్యం కాదు. ప్రార్థన కూడా కాదు. మూడక్షరాలు. ఎలీస. పెళ్ళయిన నాటి నుంచి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆయన పిలిచే నా పేరు.

మూడు నెలలు నిండిన గురువారం హిమజ గారు మళ్ళీ పరీక్షించారు. విశ్వనాథం గారికి ఒకటి. మా ఆయనకి రెండు. ఇది వేరే లెక్కట, ఇందులోనూ తక్కువొస్తేనే మంచిది.

"అంచనా తప్పలేదండీ" అన్నారు మాతో. "తన పనులన్నీ తనే చేసుకుంటున్నారు."

"పెళ్ళాన్ని పేరెట్టి పిలవడం ఇందులో ఎక్కడ రాస్తారండీ?" అని అడిగాను.

ఆవిడ కలం మూత పెట్టింది. "అది రాసే చోటు లేదండీ" అంది. అబద్ధం చెప్పనందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి మూడయింది. వాన వెలిసింది. కాలువ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది.

అరుగు మీద ఆయన కూర్చున్నారు. నేను చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను. తీస్తున్నాను, చెబుతున్నాను. "సీతమ్మ గారి ఆయన వచ్చే నెల నుంచి పిల్లలకి వేదం పాఠం కూడా చెప్తారట. సీతమ్మ గారు చెప్పింది. ఆవిడ ముఖం చూడాలి మీరు..."

ఆయన నా మోచేతి మీద చెయ్యి వేశారు.

ఆగాను.

పెదవులు దగ్గరకొచ్చాయి. విడిపోయాయి. మెడ నరం లేచింది. ముందు గాలి. తర్వాత గాలి వెనక ఒక చప్పుడు — మూడు నెలలుగా ఈ ఇంట్లో లేని చప్పుడు. ఆయన గొంతు.

"సీ..."

నేను కదల్లేదు.

"సీ...త...మ్మ."

స్పష్టంగా. ఒత్తుతో సహా. తెలుగు మాస్టారు కదా.

మూడక్షరాలు. నా పేరుకీ మూడే.

ఊళ్ళో అందరికీ నేను టీచరు గారిని. ఎలీస అని పిలిచే మనిషి ఆయన ఒక్కరే. ఆయన గొంతు ఆగిపోయాక ఆ మాట ఈ గోడలు కూడా వినలేదు. ఇంకో మాట విన్నాయి — పొద్దున, మధ్యాహ్నం, దీపాలవేళ. రోజుకి ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. లెక్కల టీచర్ని, అది మాత్రం లెక్కపెట్టలేదు.

ఆయన నా వైపే చూస్తున్నారు. సరైన జవాబు చెప్పిన పిల్లాడిలా చూస్తున్నారు. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా ఆవిడ పేరు.

ఆ పేరంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పుడూ మంటే.

చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి పెట్టాను. జరిగి దగ్గరగా కూర్చున్నాను.

"ఆయ్" అన్నాను. "బాగుందండి. ఇంకోసారి అనండి."