నిబ్బరం లేని నిబ్బు

నేను ఒక పిరికి ఇంకుపెన్నుని. ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి. నిబ్బు ఉంది గానీ నిబ్బరం లేదు. మూత తీస్తే చాలు, మూతి వణుకుతుంది.

పుట్టుపిరికిని మాత్రం కాను. విజయనగరంలో ఓ పుస్తకాల కొట్లో, అద్దాల పెట్టెలో, గుండ్రటి ముక్కుతో పెళ్లికూతురిలా పడుకునేదాన్ని. డ్రాయింగు సన్యాసిరావు మాస్టారు నన్ను కొని ఇంటికి తీసుకెళ్లి చేసిన మొదటి మర్యాద ఏమిటో తెలుసా? కత్తులు నూరే సానరాయి మీద నా ముక్కు అరగదియ్యడం! పాళీ చదునుగా ఉంటేనే ఇటాలిక్కు రాత వస్తుందట. ఇటాలిక్కంటే ఇంగ్లీషు అక్షరాలు ఇటు వాలడం. పైకెళ్లే గీత సన్నం, కిందికి దిగే గీత లావు. ఉద్యోగంలో సన్నంగా చేరి లావుగా దిగే మనుషుల్లాగే.

ఆ ముక్కుతో నన్ను తీసుకెళ్లి పైడమ్మ చేతిలో పెట్టాడు. పైడమ్మ అంగన్‌వాడీలో ఆయా. పదో తరగతి పాసైతే టీచరు అవుతుంది. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతుంది. కాళ్లు విరిగిన సాలెపురుగుల గుంపులాంటి రాతతో అప్పటికే ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది.

"నీ రాత దిద్దేవాడికి అర్థం కావాలి గదమ్మా!" అన్నాడు మాస్టారు.

పప్పు గరిటె పట్టినట్టు పట్టుకుంది నన్ను. ఊపిరాడలేదు. మూడు నెలలు కాలెండరు కాయితాల వెనకాల వాలు గీతలే గీతలు. చివరికి సరుకుల చీటీ కూడా ఇంగ్లీషులో వాల్చి రాసింది. కొట్టు అప్పలకొండ ఆ అందం చూసి, ఎవరిదో పెళ్లికార్డనుకుని దాచుకున్నాడు. సరుకులు మాత్రం ఇవ్వలేదు.

పరీక్ష రోజు వచ్చింది. నాలుగు పేజీలు ముత్యాల్లా వాలాయి. అయిదో పేజీలో "స్క్వాడ్ వస్తోంది!" అని ఎవరో అరిచారు. కాపీ కొట్టనివాళ్లకే భయం ఎక్కువ, ఎందుకో! పైడమ్మ వేళ్లు బిగుసుకున్నాయి. నా ఇంకు నాలోనే ఇంకిపోయింది. పాత రాత, ఆ కాళ్లు విరిగిన సాలెపురుగుల గుంపు, పేజీ అంతా పాకింది.

స్క్వాడ్ మేడం పేపరు తిరగేసింది. కళ్లజోడు సవరించుకుంది.

"ఇది రెండు చేతుల రాత. సగం ఎవరు రాసిపెట్టారు?"

"నానే రాసినానండి మేడం! భయమేసి సెయ్యి బిగుసుకుపోనాదండి!"

"అలాగా? ఏదీ, పెన్నిలా ఇయ్యి." మేడం నాతో ఓ గీత గీసింది. నేను గీ...మన్నాను తప్ప గీత రాలేదు. "ఇదేం పెన్నమ్మా, ముక్కు తెగిపోయింది!"

"తెగలేదండి, అరగదీసినారండి."

తెల్లకాయితం పెట్టింది. "మీ ఊరి గురించి ఇంగ్లీషులో రాయి. నా ఎదురుగా. తేడా వస్తే డిబారే."

పైడమ్మ నన్ను అందుకుంది. అరచేతి చెమటలో నేను జారుతున్నాను. మొదటి లైను సాలెపురుగులే. రెండో లైనూ అంతే. అయిపోయింది, ఇక బుక్‌లెట్‌తోపాటు మేమూ బుక్కయిపోయాం అనుకున్నాను. మూడో లైనులో వాళ్ల ఊరి చెరుకు తోటలొచ్చాయి. తోటల గురించి రాస్తూ పైడమ్మ మేడాన్ని మరిచిపోయింది. ఒక అక్షరం కాస్త వాలింది. పక్కది దాని భుజం మీద వాలింది. ఆరో లైనుకల్లా అన్నీ గాలికి ఒరిగిన చెరుకుల్లా నిలబడ్డాయి.

మేడం కాయితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఎక్కడ ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలైందోనని వేలితో వెతికింది. దొరకలేదు.

"పదకొండు నిమిషాలుంది. వెళ్లి రాసుకో తల్లీ."

ఆ పదకొండు నిమిషాలూ ఏ రాత రాశామో మా ఇద్దరికీ గుర్తులేదు.

ఇప్పుడు అంగన్‌వాడీ బల్ల మీద, పాత హార్లిక్స్ సీసాలో నా కాపురం. భయం తగ్గిందా? ఎక్కడ తగ్గుతుంది! నాలుగేళ్ల రాక్షసులు ఇరవైమంది. ఇవాళ పొద్దున్నే ఒకడు నన్ను పీకి సిమెంటు గచ్చు మీద గుచ్చబోయాడు. వాణ్ణి దింపడానికొచ్చిన వాళ్లమ్మ గుమ్మంలోంచి అరిచింది:

"ఒరే, అది టీచరమ్మ పెన్నురా! అక్కడెట్టీ!"