మిష్మిష్ తొక్కు

మా ఇంటి ఫ్యాను గురించి నన్నడగండి, చెబుతాను. మూడు రెక్కలు. ఒక రెక్క అంచున బూజు. నడుమ డబ్బా మీద సున్నం మరక, అదీ నేను గోడలకు వేసినప్పుడు పడిందే. పెళ్లయి ఇన్నేళ్లయినా దాన్నెప్పుడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు సౌదీలోని తబూక్‌లో కూర్చుని, మెట్‌పల్లి దగ్గరున్న మా ఇంటి ఫ్యానును రోజూ వీడియో కాల్‌లో చూస్తున్నాను.

దీనికంతా కారణం నా భార్య జయ. తన తమ్ముడి పెళ్లికి ఛుట్టీ మీద వస్తానని మాటిచ్చాను. తీరా చూస్తే ఆ పెళ్లీ, నేను పనిచేసే తోటలో మిష్మిష్ కోతా ఒకేసారి రాబోతున్నాయి. మిష్మిష్ అంటే ఆప్రికాట్ పండు, ఇక్కడ అందరూ అలాగే అంటారు. కోత అయ్యేదాకా కదలడానికి వీల్లేదన్నాడు కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని. నేను సరేనని తలూపాను. జయకు మండింది అక్కడే.

"ఒక్కపారన్న కొట్లాడినవా ఆయనతోని? నాతోనైతే మస్తు కొట్లాడ్తవ్. ఇగ నీతోని మాట్లాడ, పో!" అంది.

అన్నంత పనీ చేసింది. ఫోన్ మాత్రం ఎత్తుతుంది. ఎత్తి, మంచం మీద వెల్లకిలా పడేసి తన పని తాను చేసుకుంటుంది. నాకు గాజుల చప్పుడు వినిపిస్తుంది, చీపురు చప్పుడు వినిపిస్తుంది. కనిపించేది మాత్రం ఫ్యాను. నాకు మాత్రం కోపం రాదా? "ఏమే, ఫ్యానుతోని కాపురం జెయ్యమంటవా?" అని ఒకరోజు గట్టిగా అరిచాను. ఫ్యాను తన మానాన తాను తిరిగింది.

ఎండలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. తబూక్‌లో ఈ రోజులు బాగుంటాయి, ఉన్నమాట చెప్పాలి కదా. పొద్దున్నే చల్లగాలి, కాస్త పొద్దెక్కాక అంగీ విప్పేద్దామనిపించే ఎండ. చెట్లకు కాయలు గుత్తులుగా కాస్తాయి. గుత్తికి ఒకటో రెండో ఉంచి మిగతావి గిల్లి పారేస్తేనే ఉన్నవి లావెక్కుతాయి. నేనూ, నా గదిలోనే ఉండే ఆర్మూరు రాజేశమూ అదే పనిలో ఉన్నాం.

ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, గిల్లిన పచ్చికాయను పారేయబోయి కసుక్కున కొరికాను. ఒళ్లు జల్లుమంది! ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. అచ్చం మామిడి పిందె పులుపు! ఇన్నేళ్లుగా ఈ కాయలనే బుట్టలకొద్దీ మేకలకు పోశాను. నా నెత్తి మీద నేనే మొట్టుకున్నాను.

"రాజేశం! ఇది తొక్కుకాయరా! తొక్కుకాయ!"

రాజేశం కొరికాడు, మూతి వంకర పెట్టాడు, ఇంకోటి కొరికాడు. "వారీ! ఏం పులుపన్నా ఇది! ఉప్పు కారం తగిలితెనా..." అంటూ నిలబడ్డచోటే ఎగిరాడు. ఇద్దరం చెట్ల మధ్య గంతులేస్తుంటే, పాము కరిచిందేమోనని మా ఫోర్‌మన్ సర్దార్ పరుగెత్తుకొచ్చాడు. ఆయనది పెషావర్.

"అరే పాగల్, కచ్చా హై యే! పేట్ ఖరాబ్ హోగా!" పచ్చికాయ తింటే కడుపు చెడుతుందని కేకలేశాడు.

"కచ్చా హీ చాహియే, సర్దార్ భాయ్!" అన్నాను. మాకు కావాల్సింది పచ్చిదే మరి.

మాకు ఎండదెబ్బ తగిలిందని నిర్ధారించుకుని, ఓ గోనెసంచి మా మొహాన కొట్టి వెళ్లిపోయాడు.

తొక్కు అంటే మా వైపు నిల్వ పచ్చడి. అది తినడంలో నన్ను మించినవాడు లేడు. పెట్టడం మాత్రం జన్మలో ఎరగను. జయ పెడుతుంటే మంచం మీద కూర్చుని చూసేవాణ్ని. ఆ రోజు ఇంట్లోకి నీళ్లగ్లాసుతో కూడా ఎవర్నీ రానిచ్చేది కాదు. అది గుర్తొచ్చేసరికి నాకో ఉపాయం తట్టింది. తొక్కు పెడుతూ చూపిస్తే మాట్లాడకుండా ఉండగలదా? ఒక్క మాట మాట్లాడితే చాలు, తిట్టయినా సరే.

శుక్రవారం సెలవు. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కోసి, నా కొత్త లుంగీ మీద ట్రాక్టరు పైన ఎండబెట్టాం. కచ్చాపచ్చాగా దంచాం. అప్పుడు ఫోన్ చేసి, గిన్నె కనిపించేలా రాజేశం చేతికిచ్చాను. ఎత్తింది. ఫ్యాను.

"ఇగో జయా, ఉప్పేసిన. పసుపేసిన," అన్నాను. ఫ్యాను. "కారం ఏస్తున్న సూడు. మన నిజామాబాద్ కారమే." గాజుల చప్పుడు ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "మెంతిపిండి ఏసిన. ఎల్లిగడ్డ దంచి ఏసిన." మళ్లీ ఏమీ లేదు.

"అన్నా, వదిన ఇంట్ల లేనట్టుంది," అన్నాడు రాజేశం మెల్లగా.

నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఇంత ఆర్భాటమూ ఫ్యాను కోసమా? చల్లారిన పోపు గిన్నెలో గుమ్మరించాను. కలపడానికి నల్లా కింద ఉన్న చెంచా చేతికందితే, అలాగే తీసి గిన్నెలో పెట్టాను.

"ఓ మనిషీ!"

ఫ్యాను మాయమైంది. గోడ, దిండు, కిటికీ గిర్రున తిరిగాయి. తర్వాత జయ మొహం, తెర నిండా!

"తడి చెంచ! తడి చెంచ వెడ్తవా తొక్కుల? బుద్ధున్నదా నీకు? బూజు వడ్తది! తియ్యి! ముందు గా చెంచ తియ్యి!"

"వదినా!" అని రాజేశం ఎగిరేసరికి ఫోన్ గిన్నెలో పడబోయింది.

"అంటే పక్కపొంటి సూస్తనే ఉన్నవా? ఇన్ని దినాలూ?" అన్నాను.

"నీ మొఖంల ఏమున్నదని సూసుడు? తొక్కు సూసిన," అంది. పెదవులు బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెండ్లిల అందరు నీ మొగుడేడి అంటరు. నేనేం జెప్పాలె?"

"తొక్కు వెడుతుండని జెప్పు."

"థూ, సిగ్గులేనోడా!" పకపకా నవ్వింది. "తడి తగిలిన కాడికి తీసి ఈ పూటనే తినుండ్రి. మిగిలింది పొడి సీసల వెట్టు. కోత అయినంక తొక్కు వట్టుకొని రా. పెండ్లికి రాని మొగుడు ఏం దెచ్చిండో అందరికి సూపిస్త. రేపు మల్ల ఫోన్ జెయ్యి, బూజు వట్టిందా సూస్త."

మర్నాడు సాయంత్రం పని నుంచి రాగానే ఫోన్ తీశాను. మళ్లీ పక్కన పెట్టాను. ముందు వెళ్లి చెంచాను నల్లా కింద బాగా తడుపుకొని వచ్చాను.