రాయప్ప జ్ఞానస్నానం

సిమెంటు పూత ఊడగొట్టగానే చర్చి గోడ ఊపిరి పీలుస్తుంది. గుడి ఒక బల్ల మేర పొడవవుతుంది, వెనక కొత్త బల్ల ఒకటి వచ్చి చేరుతుంది. పాత కట్టడాలు బాగుచేయడం నా పని కాబట్టి కొలతలు మళ్ళీ తీసుకుంటాను.

"ఎప్పట్నుంచో బిగబట్టుకుని ఉంది పాపం," అంటారు విచారణ గురువు ఫాదర్ చిన్నప్ప.

వాన వచ్చేలోగా సున్నం పూయాలి, లేకపోతే ఇటుకలు జారిపోతాయి. పూస్తే గోడ నిమ్మళంగా ఊపిరి వదులుతుంది. అప్పుడు కొత్తగా వచ్చిన బల్ల ఉండదు.

బలిపీఠం మీద పూలు సర్దే ఇన్నమ్మ ఆఖరి బల్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడ నెరిసిన గడ్డం మనిషి కూర్చుని ఉన్నాడు. తల మీద మాత్రం పురిటి జుట్టు, ఇంకా తడిగానే ఉంది.

"నా పెద్దోడు," అంటుంది ఆమె నాతో. "పుట్టిన పూటే పోయాడమ్మా. పేరు కూడా పెట్టలా."

అతను జరిగి ఆమెకు చోటిస్తాడు. "అమ్మా, నన్నేమని పిలుస్తావు?"

ఇన్నమ్మ పెదవులు కదులుతాయి. మనసులో పిలుచుకున్న పేరు బయటికి రాదు. ఫాదర్ వైపు తిరుగుతుంది.

"జ్ఞానస్నానం ఇవ్వండి ఫాదర్."

"బతికున్నవాళ్ళకే ఇస్తామమ్మా."

"ఊపిరి పీలుస్తన్నాడుగా. గోడకి ఊపిరుందని మీరే అన్నారు. నా బిడ్డకి లేదా?"

ఫాదర్ వంగి అతని మొహంలోకి చూస్తారు. చాలాసేపు చూస్తారు. ఆయన కళ్ళద్దాల మీద ఆవిరి పడుతుంది.

"నీళ్ళు తీసుకురండి," అంటారు.

సున్నం తడపడానికి తెచ్చిన బిందె అందిస్తాను. బయట ఉరుముతుంది. పనివాళ్ళు తాపీలు పట్టుకుని నా వైపు చూస్తారు. ఆగమంటాను. పైనుంచి ఒక ఇటుక జారి పడుతుంది. అయినా ఆగమనే అంటాను. జ్ఞానస్నానంలో బిడ్డ తరపున నిలబడే జ్ఞానతల్లిగా అతని భుజం మీద చెయ్యి వేయడానికి ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

"రాయప్పా," అంటుంది ఇన్నమ్మ. ఫాదర్ నీళ్ళు పోస్తారు.

రాయప్ప ఆమె ఒళ్ళో తల పెట్టుకుంటాడు. ఆమె కొంగుతో తుడుస్తుంది, చెవుల వెనక కూడా.

"ఇంకా ఉన్నారమ్మా," అంటాడు కళ్ళు మూసుకుని. "సమాధుల తోట గోడకి అవతల. పేర్లు లేవని మమ్మల్నందర్నీ అక్కడే పెట్టారు."

ఆ మాట గుడి వింటుంది. పునాదుల్లోంచి మెల్లగా లేస్తుంది. గచ్చు ఊగుతుంటే మేం బల్లలు పట్టుకుంటాం. కిటికీల్లో తాటిచెట్లు వెనక్కి వెళ్తాయి, తర్వాత శిలువలు వెళ్తాయి. గోడ దాటాక గుడి తన రెండు పక్కలూ రెక్కల్లా చాపుకుని, వానకంటే ముందే, ఆ గడ్డి మీద పొదగడానికి కూర్చుంటుంది.

ఫాదర్ బిందె చంకన పెట్టుకుని పేర్లు ఆలోచిస్తున్నారు. మా కాళ్ళ కింద గచ్చు వెచ్చబడుతోంది. అడుగునుంచి, అక్కడొకటి ఇక్కడొకటి, బుల్లి ముక్కులు పొడుస్తున్న చప్పుడు.