ఎర్రదీపానికి ఆగని రైలు

భోజనాల బల్లను అత్తాకోడళ్లు ఆక్రమించి నెలలు దాటాయి. దాని మీదిప్పుడు బొమ్మరైలు పట్టాలు, ఒక సొరంగం, అగ్గిపెట్టంత స్టేషను ఉన్నాయి. కోడలు పళ్ల డాక్టరు. పళ్లు శుభ్రం చేసే పాత పరికరంతో పట్టాల కింది స్లీపరు చెక్కల మధ్య ఆవగింజలంత కంకర సర్దింది. అత్తగారు కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. సన్నటి కుంచెతో పట్టాలకు తుప్పు రంగు వేసింది.

ఆ ఆదివారం మొదటిసారి సిగ్నల్ పెట్టి చూశారు. ఎర్రదీపం వెలిగితే పట్టాల్లో కరెంటు ఆగి, రైలు దానంతటదే నిలబడాలి.

"నొక్కండి అత్తయ్యా!" అంది కోడలు.

అత్తగారు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. రైలు దాన్ని పూచికపుల్ల కింద తీసిపారేసి దూసుకుపోయింది. ముందు ఆగి ఉన్న గూడ్సును గుద్ది, బల్ల పక్కన పేపరు చదువుకుంటున్న కొడుకు ఒళ్లో పడింది.

"ఇద్దరూ ఏకమై నన్ను చంపుతారా ఏంటి!" అని గావుకేక పెట్టాడు.

పడీ పడీ నవ్వుతూనే కోడలు బల్ల కిందికి దూరింది. "తీగలు తారుమారయ్యాయి అత్తయ్యా! మనది పచ్చదీపానికి ఆగే రైలు!"

తీగలు మార్చి మళ్లీ నడిపారు. సొరంగంలోంచి వచ్చిన రైలు ఎర్రదీపం ముందు బుద్ధిగా ఆగింది. పచ్చదీపం పడగానే కదిలింది.

"మన మాట విందే!" అంటూ అత్తగారు కోడలి చేతులు పట్టుకుని గదంతా గిర్రున తిప్పేసింది.

"అమ్మా, ఆకలేస్తోంది," అన్నాడు కొడుకు.

"నీకింకా సిగ్నల్ పడలేదురా!"

రైలు మళ్లీ సొరంగంలో దూరింది. కొడుకు ఆకలి మాట మరిచిపోయి మీట కోసం చెయ్యి చాపాడు.

"ఒక్కసారి... నేను ఆపుతానే!"