ఉంగరాల గుట్టు

దర్జీ వాళ్లమ్మ అరవై రెండేళ్ల వయసులో పెళ్లి చేసుకోబోతోంది. ఆ సంగతి పెళ్లికొడుక్కి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయన పక్క వీధిలో పుస్తకాలు బైండింగు చేస్తాడు. కొడుక్కి తన నోటితో తనే చెప్పాలని ఆవిడ పట్టుదల. ఇంకో దారిన తెలిస్తే వాడి మనసు కష్టపడుతుంది, తనకైతే తల కొట్టేసినట్టవుతుంది.

అంత జాగ్రత్త మనిషీ ట్యాబ్‌లో ఉంగరాలు చూసింది. చూసినవన్నీ చెరిపేసింది కూడా. తెల్లారేసరికి కొడుకు ఫోన్ నిండా ఉంగరాల యాడ్లే! పైగా, మలివయసు జంటలకట. ఏ ముసలాళ్లకో పెళ్లి ముచ్చట పుట్టిందని వాడు పకపకా నవ్వాడు.

ఇక లాభం లేదని కోడల్ని వంటింట్లోకి లాక్కెళ్లింది. కంప్యూటర్ల పని చేసే పిల్ల. ఏ ఉంగరాలు, ఎవరికి అని అడగలేదు. ఇంట్లో అందరిదీ ఒకే నెట్ అనీ, మనం చెరిపేసినా యాడ్లు పంపేవాళ్ల దగ్గర చెరిగిపోదనీ చెప్పింది. పేరు తెలియకపోయినా తెర సైజు, అక్షరాల తీరు, ఇలాంటి గుర్తులు పాతిక కలిపి ఇది ఫలానా ట్యాబని పోల్చేస్తారట.

"అంటే కొలతలు తీస్తున్నారన్నమాట," అంది అత్తగారు. ముప్పయ్యేళ్లు కొట్లో కొలతల పుస్తకం రాసిన మనిషి. ఎడమ భుజం అరంగుళం దిగువనుంటే, పేరు లేకపోయినా అది కంపౌండరు చొక్కా అని చెప్పేయగలదు. అడక్కుండా కొలతలు తీయడానికి వీళ్లెవరని ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "అయితే దీనికో రెడీమేడ్ చొక్కా తొడిగెయ్యమ్మా. అందరిదీ ఒకే సైజు."

కోడలు అదే చేసింది. ఎవరు వాడినా ఒకేలా కనబడే బ్రౌజర్ పెట్టింది. వెంటపడేవాళ్లను నెట్ పెట్టె దగ్గరే ఆపేసింది. మొగుడి ఫోన్‌లో పేరుకున్న చెత్త కూడా ఊడ్చేసింది.

రెండు రోజులు గడిచాయి. ఒక్క ఉంగరమూ రాలేదు. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు, ఆవిడ ధైర్యం కూడగట్టుకుని కొడుక్కి చెప్పేసింది.

కత్తెర ఆగింది.

"ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు కొడుకు.

"లేదురా. ముందు నీకే."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మను గట్టిగా వాటేసుకున్నాడు. తర్వాత ఉన్నపళాన వీధిలోకి పరిగెత్తాడు. మందుల షాపతన్ని, సైకిళ్లు బాగుచేసేవాణ్ణి, మేడమీద బట్టలారేస్తున్న ఆవిణ్ణి, దారినపోయే పోస్ట్‌మాన్‌ని, ఒక్కర్నీ వదల్లేదు. మా అమ్మకి పెళ్లి, మా అమ్మకి పెళ్లి అని ఒకటే కేకలు.

కేకలు విని బయటికొచ్చిన కోడలు తల పట్టుకుంది. అత్తగారు గడపలో నిలబడి కడుపుబ్బా నవ్వింది.

"పోనీలేమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ, "వాణ్ణి మాత్రం ఆపకు."